చుండ్రు మందు షాంపూ ఏళ్ల తరబడి పనిచేయాలంటే: మొదటి నెల నుంచి మెయింటెనెన్స్ దాకా

"వాడినన్నాళ్లూ బాగానే ఉంటుంది, మానేసిన నెలకే మళ్లీ మొదలు." చుండ్రు గురించి ఎవరిని కదిపినా ఈ మాటే వినిపిస్తుంది. దాని వెంటే ఇంకోటి వస్తుంది: "ఈ షాంపూలన్నీ దండగ." మొదటి మాటలో చాలావరకు నిజముంది. రెండోది కాదు. మందు షాంపూ చుండ్రును అదుపు చేస్తుంది గానీ శాశ్వతంగా పోగొట్టదు. ఆ అదుపును ఏళ్ల తరబడి నిలబెట్టుకోవచ్చు. అందుకో పద్ధతుంది. చాలామంది అందులో మొదటి సగం శ్రద్ధగా చేసి, తల శుభ్రపడగానే రెండో సగం వదిలేస్తారు. ఈ వ్యాసంలో నేను ఎక్కువ చెప్పదలచుకున్నది ఆ రెండో సగం గురించే.

మానేస్తే ఎందుకు తిరిగొస్తుంది

మన మాడు మీద మలసీజియా అనే ఫంగస్ ఉంటుంది. ఇది ఈస్ట్ జాతికి చెందింది. చుండ్రు ఉన్నవాళ్లకే కాదు, దాదాపు పెద్దవాళ్లందరి తలల మీదా ఉంటుంది. తనకు కావలసిన కొవ్వును తాను తయారుచేసుకోలేదు కాబట్టి మాడు నుంచి ఊరే జిడ్డు మీద బతుకుతుంది. ఆ జిడ్డును విరగ్గొట్టి, కొన్ని కొవ్వు ఆమ్లాలను తిని, మిగతావాటిని అక్కడే వదిలేస్తుంది. అలా మిగిలేవాటిలో ఓలియిక్ ఆమ్లం ఒకటి. కొందరి చర్మానికి అది సరిపడదు. దురద పుడుతుంది, పైపొర కణాలు మామూలుకన్నా వేగంగా పుట్టుకొచ్చి, ఒక్కొక్కటిగా కాక గుంపులుగా ఊడిపోతాయి. నల్ల చొక్కా భుజాల మీద కనిపించే పొట్టు అదే.

అంటే చుండ్రుకు మూడు కావాలి: జిడ్డు, ఫంగస్, దాన్ని సహించని చర్మం. షాంపూ ఈ మూడింటిలో ఫంగస్‌ను మాత్రమే తగ్గిస్తుంది. జిడ్డు ఊరుతూనే ఉంటుంది, చర్మ స్వభావం మారదు. మందు ఆపితే ఫంగస్ మళ్లీ పెరుగుతుంది, పైన కోసినా కింద వేరున్న గరికలాగా. టీనేజీలో జిడ్డు గ్రంథులు చురుకైనప్పుడు చుండ్రు మొదలవడానికీ, మగవాళ్లలో కాస్త ఎక్కువగా కనిపించడానికీ కారణం ఈ జిడ్డే.

మొదటి మెట్టు: అది చుండ్రేనా అని చూసుకోవడం

తలలో పొట్టు రాలిందల్లా చుండ్రు కాదు. దువ్వితే సులువుగా రాలే తెల్లని లేదా కాస్త పసుపు, జిడ్డు పొట్టు, దురద, అక్కడక్కడా కొంచెం ఎర్రదనం ఉంటే చాలావరకు చుండ్రు, లేదా దానికి పెద్దన్న అనదగ్గ సెబోరిక్ డెర్మటైటిస్. రెండోది కనుబొమ్మల్లో, ముక్కు పక్కల, చెవుల వెనక, గడ్డంలో కూడా వస్తుంది. రెండింటికీ షాంపూ చికిత్స ఒకటే.

మందంగా, వెండి రంగులో, గట్టి అంచులున్న పొలుసులు నుదుటి మీదికి దిగుతుంటే, మోచేతుల మీదా మోకాళ్ల మీదా అలాంటివే ఉంటే అది సోరియాసిస్ కావచ్చు. పిల్లల తలలో పొట్టుతోపాటు ఒకచోట జుట్టు విరిగి బట్టతలలా పడితే తామర కావచ్చు. దానికి కడుపులోకి మందు వేయాల్సిందే, షాంపూ ఒక్కటే చాలదు. వెంట్రుకకు గట్టిగా పట్టుకుని, ఊదినా కదలని తెల్ల చుక్కలు ఈపి. జుట్టుకు రంగు వేసిన మర్నాడో రెండో రోజో దురద, ఎర్రదనం, నీరు కారడం మొదలైతే ఆ రంగు మీ చర్మానికి సరిపడలేదని అర్థం. వీటిలో దేనికీ చుండ్రు షాంపూతో నెలలు గడపొద్దు.

రెండో మెట్టు: సీసా ముందు కాదు, వెనక చదవడం

బ్రాండు పేరు పక్కన పెట్టి, మందు పేరూ శాతమూ చూడండి. మన మెడికల్ షాపుల్లో ఎక్కువగా దొరికేది కీటోకొనజోల్ 2 శాతం. ఇది నేరుగా ఫంగస్ మీద పనిచేస్తుంది, ఎక్కువ అధ్యయనాలు కూడా దీని మీదే జరిగాయి. కొన్ని కంపెనీలు ఇందులోనే జింక్ పైరిథియోన్ కలిపి అమ్ముతాయి. అమెరికాలో ఉన్నవాళ్లకు షాపులో చేతికందేది 1 శాతం, 2 శాతానికి డాక్టరు చీటీ కావాలి.

సూపర్ మార్కెట్లో దొరికే యాంటీ డాండ్రఫ్ షాంపూల్లో చాలాకాలంగా ఉన్నది జింక్ పైరిథియోన్. కొద్దిపాటి చుండ్రుకు, తలస్నానం చేసిన ప్రతిసారీ వాడుకుంటే, ఇది సరిపోతుంది. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో 4 వారాలకు చుండ్రు తీవ్రత కీటోకొనజోల్ 2 శాతంతో 73 శాతం, జింక్ పైరిథియోన్ 1 శాతంతో 67 శాతం తగ్గింది. తేడా పెద్దగా లేదు కదా అనిపిస్తుంది. మందు ఆపాక చూస్తే మాత్రం కీటోకొనజోల్ వాడినవాళ్లలో చుండ్రు తిరగబెట్టడం తక్కువగా ఉంది. దీర్ఘకాలం గురించి ఆలోచించేవాళ్లకు ముఖ్యమైన తేడా అదే. యూరోపియన్ యూనియన్ 2022 మార్చి 1 నుంచి సౌందర్య సాధనాల్లో జింక్ పైరిథియోన్‌ను నిషేధించింది. అక్కడ ఉన్న మనవాళ్లకు అలవాటైన సీసాలో ఇప్పుడు ఎక్కువగా పిరోక్టోన్ ఒలమిన్ అనే మరో ఫంగస్ మందు ఉంటుంది.

సెలీనియం సల్ఫైడ్ 2.5 శాతం కూడా గట్టి మందే. 1993 నాటి ఒక అధ్యయనంలో కీటోకొనజోల్‌తో సమంగా పనిచేసింది గానీ, దాన్ని వాడినవాళ్లే ఎక్కువ ఇబ్బందులు చెప్పారు. జుట్టు జిడ్డుగా అనిపించవచ్చు, రంగు వేసిన జుట్టూ తెల్ల జుట్టూ వన్నె మారవచ్చు, ఉంగరాలు నల్లబడతాయి. వాడే ముందు ఉంగరాలు, చెవిపోగులు తీసేయండి. సిక్లోపిరాక్స్ కూడా ఫంగస్ మందే, మంచి ప్రత్యామ్నాయం. సాలిసిలిక్ ఆమ్లం ఫంగస్ కోసం కాదు, గట్టిపడ్డ పొలుసును మెత్తబరిచి ఊడదీయడానికి. బొగ్గు తారు (కోల్ టార్) షాంపూ పనిచేస్తుంది గానీ వాసన, మరక, ఎండకు చర్మం మండటం భరించాలి.

నా సలహా సూటిగా: చుండ్రు కొద్దిగా ఉంటే జింక్ పైరిథియోన్‌తో మొదలుపెట్టండి. భుజాల మీద రాలేంత ఉంటే, లేదా ఏటా తిరగబెడుతుంటే, కీటోకొనజోల్ 2 శాతంతో మొదలుపెట్టండి. సీసా మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ పేరు కనిపిస్తే డాక్టరు చెప్పకుండా ముట్టుకోవద్దు. దురద ఒక్కరోజులో తగ్గించి ఆశపెడుతుంది, నెలల తరబడి వాడితే చర్మం పలచబడుతుంది.

మూడో మెట్టు: మొదటి నాలుగు వారాలు

వారానికి రెండుసార్లు, మధ్యలో కనీసం మూడు రోజుల ఎడంతో. బుధవారం, శనివారం అనుకుంటే గుర్తుంటుంది. తలంటుకు పనికిరాదని ఇంట్లో పాటించే రోజులుంటే వాటిని తప్పించి రెండు రోజులు ఖాయం చేసుకోండి. వీలున్నప్పుడు చూద్దాం అనుకున్న షాంపూ వారానికి ఒక్కసారికే దిగుతుంది.

ఇక పెట్టుకునే తీరు. షాంపూ పనిచేయలేదనేవాళ్లలో సగం సమస్య ఇక్కడే ఉంటుందని నా నమ్మకం.

ముందురోజు రాత్రి నూనె పెట్టకండి. జుట్టును కుదుళ్ల దాకా బాగా తడపండి. జిడ్డుగానో దుమ్ముగానో ఉంటే ముందు మామూలు షాంపూతో ఒకసారి కడిగేయండి, లేకపోతే మందు ఆ జిడ్డులోనే ఖర్చైపోతుంది. పొట్టి జుట్టుకు ఒక టీస్పూను, అంటే 5 మి.లీ. చాలు. పొడుగు జుట్టుకు రెండు.

మందు వెంట్రుకలకు కాదు, మాడుకు తగలాలి. నడినెత్తిన పాపిడి తీసి అక్కడ కొంచెం రాయండి. పాపిడి నుంచి వేలెడు పక్కకు జరిగి ఇంకో పాయ తీసి మళ్లీ రాయండి. అలా చెవుల దాకా వెళ్లి, రెండో వైపూ అంతే. ఒత్తైన జుట్టున్నవాళ్లు ఇలా పాయలు తీయకుండా నెత్తిన పోసి రుద్దితే చేతి నిండా నురగ వస్తుంది, మాడుకు మాత్రం అక్కడక్కడే అందుతుంది. సన్న మూతి ఉన్న చిన్న సీసాలోకి షాంపూ ఒంపుకుంటే ఈ పని చాలా తేలిక. చెవుల వెనక, మెడ పైభాగం, నుదుటి అంచు మరిచిపోకండి. వేలికొనలతో రుద్దండి, గోళ్లతో వద్దు.

ఇప్పుడు ఫోన్లో 5 నిమిషాలు టైమర్ పెట్టండి. ఈలోగా ఒళ్లు రుద్దుకోండి. మందు చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండే సమయమే దాని పని సమయం. సీసా మీద 3 నుంచి 5 నిమిషాలని రాసి ఉన్నా, స్నానాల గదిలో మన అంచనాకు ముప్పై సెకన్లు కూడా మూడు నిమిషాల్లాగే తోస్తాయి. కనుబొమ్మల్లో, ముక్కు పక్కల, గడ్డంలో పొట్టు ఉంటే కళ్లు మూసుకుని అదే నురగను అక్కడా కొద్దిసేపు ఉంచండి. తర్వాత నీళ్లు ధారాళంగా పోసి, జారుడు పూర్తిగా పోయేదాకా కడగండి. కండిషనర్ వాడితే జుట్టు చివర్లకే.

బోరు నీళ్లు బాగా ఉప్పగా ఉండే చోట నురగ సరిగా రాదు, కడిగాక తల పొడిబారి పొట్టులా కనిపిస్తుంది. చివరి రెండు మగ్గులైనా మంచినీళ్లు పోసుకోగలిగితే తేడా తెలుస్తుంది.

ముందు తగ్గేది దురద. పొట్టు ఇంకొన్ని రోజులు రాలుతూనే ఉంటుంది, ఎందుకంటే ఇప్పటికే వదులైన కణాలు బయటికి రావాలి. రెండో వారం నుంచి నాలుగో వారం లోపు తల తేటపడాలి. పొలుసులు దళసరిగా అంటుకుపోయి ఉంటే మొదటి రెండుసార్లు సాలిసిలిక్ ఆమ్లం షాంపూతో వాటిని వదిలించి, తర్వాత కీటోకొనజోల్‌కు వెళ్లండి.

నాలుగో మెట్టు: అందరూ వదిలేసే మెయింటెనెన్స్

తల తేటపడింది. ఇక్కడ ఆపకండి.

1995లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో వచ్చిన ఒక అధ్యయనం ఈ మెట్టుకు పునాది. 575 మందికి కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, 2 నుంచి 4 వారాలు ఇచ్చారు. 88 శాతం మందికి చాలా బాగా తగ్గింది. అలా తగ్గినవారిలో 312 మందిని మూడు గుంపులు చేసి 6 నెలలు గమనించారు. వారానికోసారి మందు షాంపూ కొనసాగించిన గుంపులో తిరగబెట్టింది 19 శాతం మందికి. రెండు వారాలకోసారి వాడినవాళ్లలో 31 శాతం. మందు లేని షాంపూ వాడినవాళ్లలో 47 శాతం. 2005లో సిక్లోపిరాక్స్ 1 శాతం షాంపూ మీద జరిగిన పెద్ద అధ్యయనంలోనూ వరస ఇదే: 12 వారాల్లో 14.7, 22.1, 35.5 శాతం.

ఈ అంకెల్లో నాకు మూడు సంగతులు కనిపిస్తాయి. వారానికి ఒక్కసారి, అయిదు నిమిషాల పనితో తిరగబెట్టే అవకాశం సగానికి పైగా తగ్గింది. అయినా వాడుతున్నవాళ్లలోనూ అయిదుగురిలో ఒకరికి తిరగబెట్టింది, కాబట్టి అలా జరిగితే షాంపూ నకిలీదనో మీ తప్పనో అనుకోనక్కర్లేదు. ఇక మందు ఆపినా ఆ ఆరు నెలల్లో సగం మందికి పైగా బాగానే ఉన్నారు. అంటే అందరికీ ఒకే లెక్క కాదు. మీ తలకు ఎంత ఎడం సరిపోతుందో మీరే కనిపెట్టాలి.

కనిపెట్టే పద్ధతి ఇది. మొదటి నెల అయ్యాక రెండు మూడు నెలలు వారానికోసారి. మిగతా తలస్నానాలకు మీకు నచ్చిన మామూలు షాంపూ. అప్పటికీ తేటగా ఉంటే పది రోజులకు, ఆ తర్వాత రెండు వారాలకు పెంచండి. ఏ ఎడం దగ్గర దురద మొదలైందో దానికి ఒక మెట్టు ముందున్నదే మీ ఎడం. క్యాలెండర్ మీద ఆ తేదీలకు గుర్తు పెట్టుకోండి. చలికాలంలో ఎక్కువమందికి ఎడం తగ్గించాల్సి వస్తుంది. కార్తీకం వెళ్లి చలి ముదిరాక వారానికోసారికి వచ్చేసి, శివరాత్రి దాటాక మళ్లీ పెంచుకోవచ్చు. పరీక్షలు, నిద్రలేమి, ఆఫీసు ఒత్తిడి ఉన్న రోజుల్లోనూ ఇంతే.

తిరగబెట్టినప్పుడు పొట్టు రాలేదాకా ఆగకండి. అందరికంటే ముందు కబురు చెప్పేది దురద. సాయంత్రం పూట చెయ్యి తరచూ తలలోకి పోతోందంటే అప్పుడే వారానికి రెండుసార్లు, రెండు వారాలు వాడి మళ్లీ పాత ఎడానికి వచ్చేయండి. ఇలా ముందే పట్టుకుంటే నాలుగు వారాల చికిత్స అంతా మళ్లీ చేయాల్సిన పని సాధారణంగా రాదు.

ఖర్చు సంగతి. పొట్టి జుట్టువాళ్లకు మొదటి నెల 8 తలస్నానాలకు 40 మి.లీ. అవుతుంది. అంటే 100 మి.లీ. సీసాలో మిగిలింది వారానికోసారి లెక్కన ఇంకో 12 వారాలు వస్తుంది. పొడుగు జుట్టుకు దీనికి రెట్టింపు.

"షాంపూ అలవాటు పడిపోయింది" అనిపిస్తే

ఫంగస్ మందుకు లొంగకపోవడం అసాధ్యమేమీ కాదు గానీ, షాంపూ విషయంలో ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి. అయిదు నిమిషాలు అర నిమిషమై ఉంటుంది. వారానికోసారి నెలకోసారి అయి ఉంటుంది. కొత్త జెల్, స్ప్రే, హెయిర్ డై మాడుకు పడకపోయి ఉంటుంది. రోజంతా బండి మీద తిరిగే మా తమ్ముడి విషయంలో హెల్మెట్ లోపలి మెత్త కారణమైంది. చెమటకు తడిసి ఆరి, మళ్లీ తడిసి, నెలల తరబడి ఉతకనే లేదు. మెత్త తీసి వారానికోసారి ఉతికి ఎండలో వేయడం, లోపల పలచటి నూలు గుడ్డ కట్టుకోవడం మొదలుపెట్టాక అదే షాంపూ మళ్లీ పనిచేసింది.

ఇవన్నీ సరిగా ఉండి, నాలుగు వారాలకూ ఫలితం లేకపోతే మందు మార్చండి, బ్రాండు కాదు. కీటోకొనజోల్ నుంచి సిక్లోపిరాక్స్‌కు గానీ సెలీనియం సల్ఫైడ్‌కు గానీ. ఒకే మందున్న మూడు రకాల సీసాలు కొనడం వల్ల ఒరిగేదేమీ లేదు.

నూనె, కుంకుడుకాయ, గుండు

చుండ్రును పొడితనం అనుకుని రాత్రి కొబ్బరినూనె దట్టంగా పట్టించి పొద్దున తలంటుకోవడం మన ఇళ్లలో అలవాటు. నూనె పెడితే పొట్టు తడిసి వెంట్రుకలకు అంటుకుంటుంది, ఓ రోజు కనబడదు. అందుకే తగ్గిందనిపిస్తుంది. కానీ కొబ్బరినూనెలో ఉండే కొవ్వు ఆమ్లాల్లో చాలావాటిని మలసీజియా వాడుకోగలదు. అమ్మమ్మల మాట తీసేయమని నేననను. నూనె జుట్టుకు మేలు చేస్తుంది, కాబట్టి జుట్టు పొడవుకూ చివర్లకూ పెట్టుకోండి, మాడుకు వద్దు. పండగ పూట నూనె తలంటు మానుకోలేకపోతే స్నానానికి గంటా రెండు గంటల ముందు రాసి, ఆ పూటే మామూలు షాంపూతో జిడ్డు వదిలించి, పైన మందు షాంపూ పెట్టండి.

కుంకుడుకాయ, శీకాయ జిడ్డును బాగా వదిలిస్తాయి. మామూలు షాంపూ బదులు మధ్య రోజుల్లో వాడుకోవచ్చు, మందు బదులు కాదు. నిమ్మరసం మంట పుట్టిస్తుంది, గీరిన మాడు మీద అసలే వద్దు. ఇంటి వైద్యాల్లో కాస్త రుజువున్నది టీ ట్రీ నూనె. 5 శాతం టీ ట్రీ నూనె ఉన్న షాంపూ 4 వారాల్లో చుండ్రును 41 శాతం తగ్గించిందనీ, అది లేనిది 11 శాతం తగ్గించిందనీ 2002లో ఒక అధ్యయనం చూపింది. చిక్కటి నూనెను నేరుగా మాడుకు రాస్తే మాత్రం చర్మం పొంగుతుంది.

తిరుపతిలో గుండు చేయించుకున్నాక కొన్నాళ్లు చుండ్రు కనిపించదు. నీళ్లూ షాంపూ నేరుగా తగులుతాయి, పొట్టు నిలవడానికి జుట్టుండదు. కానీ జిడ్డు గ్రంథులు అక్కడే ఉన్నాయి. జుట్టు పెరిగాక తిరిగొస్తుంది. గుండు మీద ఉన్న ఆ రోజుల్లో వారానికోసారి మందు షాంపూ వాడటం చాలా తేలిక, ఆ అవకాశాన్ని వదులుకోవద్దు.

ఏళ్ల తరబడి వాడితే ప్రమాదమా

కీటోకొనజోల్ కాలేయానికి చెడు చేస్తుందని చదివి భయపడేవాళ్లున్నారు. అది మాత్రల సంగతి. 2013లో యూరప్ ఔషధ సంస్థ ఫంగస్ జబ్బులకు ఆ మాత్రలు ఆపేయమంది, అమెరికాలో వాటి వాడకాన్ని బాగా కుదించారు. షాంపూ కాసేపుండి కడుక్కుపోతుంది, రక్తంలోకి చేరేది దాదాపు శూన్యం. షాంపూతో ఎక్కువగా వచ్చే ఇబ్బందులు జుట్టు పొడిబారడం, కొందరికి మాడు మండటం, రంగు వేసిన లేదా స్ట్రెయిటెనింగ్ చేయించిన జుట్టు తీరు మారడం. మంట, వాపు వస్తే ఆపేయండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్ని అడిగి వాడాలి. పసిపిల్లల మాడు మీద కట్టే పొలుసులకు ఈ షాంపూలు వద్దు.

షాంపూ పెడితే జుట్టు ఊడుతుందన్న భయమూ ఉంది. తలస్నానం రోజు చేతికొచ్చేవి చాలావరకు ఎలాగూ రాలాల్సిన వెంట్రుకలే. వారం రోజులు తల కడగకుండా ఉంటే అవన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. గోకడం, మాడు వాపు జుట్టుకు ఎక్కువ చేటు.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు

రెండు రకాల మందులు ఒక్కోటి నాలుగు వారాలు సరిగా వాడినా తగ్గకపోతే, చీము, రసి, నొప్పి, మెడలో గడ్డలు వస్తే, ఒకచోట జుట్టు ఊడిపోతుంటే, ముఖం, ఛాతీ మీదికి పాకితే చర్మ వైద్యుల దగ్గరకు వెళ్లండి. ఎప్పుడూ లేనిది పెద్ద వయసులో ఒక్కసారిగా తీవ్రంగా వస్తే తప్పకుండా వెళ్లాలి. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలో, హెచ్‌ఐవీతోనో మరో కారణంతోనో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో సెబోరిక్ డెర్మటైటిస్ ఎక్కువ.

వెళ్లేటప్పుడు వాడిన సీసాలన్నీ సంచిలో వేసుకెళ్లండి, లేదా వెనకవైపు ఫోటోలు తీసుకోండి. ఏది ఎన్ని వారాలు, వారానికి ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు ఉంచారో చెప్పండి. ముందు రెండు రోజులు నూనె రాయకండి, ఆ పొద్దున తల కడగకండి. డాక్టరు చూడాల్సింది పొలుసు ఉన్నదున్నట్టుగా.